మిల్లులోని పెద్ద లేత్

కర్నూలు హైస్కూల్లో సైన్సు చెప్పే నారాయణకు సెలవు దొరికితే చాలు, ఇత్తడితో బొమ్మ ఆవిరి ఇంజన్లు చేసుకోవడమే పని. ఇంటి వసారాలో లోహాన్ని గిరగిరా తిప్పుతూ చెక్కే, కాలితో తొక్కే చిన్న లేత్ మిషను ఉండేది. 1956 వేసవిలో, మూతపడ్డ పత్తి జిన్నింగ్ మిల్లు యజమాని ఆయన్ను పిలిపించి, షెడ్డులో ఎనిమిది అడుగుల పాత లేత్ చూపించాడు.

"చదువుకున్నోళ్లు, మీరే చెప్పండి సారూ. ఇది దేనికన్నా పనికొస్తాదా?"

ఇరవై ఏళ్లు దాని మీదే పనిచేసిన ఫిట్టర్ దావీదురాజు పక్కనే ఉన్నాడు. "మీరే తీసుకోండి అయ్యవారూ," అన్నాడు మెల్లగా. "చిన్న పనికి గూడా బరువుండే మిషనే మేలు. అదరదు."

నారాయణ నవ్వాడు. "నా ఇంజను అరచేతిలో పడ్తాది రాజన్నా. దానికింత ఇనుమెందుకు?" యజమాని వైపు తిరిగి, "పాత ఇనుముకు ఏసేయండి," అన్నాడు. నిజానికి చిన్న పనికి బరువు మిషను మేలో కాదో ఆయనకు తెలియదు. తెలియదని ఫిట్టరు ముందు ఒప్పుకోవడం నామోషీ అనిపించింది.

నెల తిరక్కుండానే కొత్త ఇంజనుకు సిలిండరు చెక్కబోతే చిన్న లేత్ గడగడలాడింది. మూడు ఇత్తడి ముక్కలు గాట్లు పడి పాడయ్యాయి. అప్పుడు దావీదురాజు మాట గుర్తొచ్చి, చెడిన ముక్క ఒకటి జేబులో వేసుకుని మిల్లుకు పరుగెత్తాడు.

షెడ్డు ముందర పెద్ద లేత్ పోత ఇనుము పెళ్లలై కుప్పగా పడుంది. సమ్మెట పట్టుకుని చెమటలు కక్కుతూ నిలబడింది దావీదురాజే.

"యాడ కొడితే పగుల్తాదో నాకే తెలుసని నన్నే కొట్టమన్నారు," అన్నాడు. "ఏం పని మీద వచ్చినారు అయ్యవారూ?"

నారాయణ వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకున్నాడు. చివరికి జేబులోంచి ముక్క తీసి ఇచ్చాడు. దావీదురాజు దాన్ని బొటనవేలితో తడిమాడు.

"చెక్కేటప్పుడు మిషను అదిరింది. మీ మిషన్ను కడప బండకు బిగిద్దాం. కొంచెం నయమైతాది."

ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే నారాయణ ఇంటికి వచ్చి, బండకు బెజ్జాలు వేసి లేత్‌ను బిగించాడు. ఈసారి సిలిండరు ఓ మోస్తరు నున్నగా తెగింది.

"ఆ పొద్దు నాకు తెలీకనే చెప్పినా రాజన్నా," అన్నాడు నారాయణ తల వంచుకుని.

"తెలుసు అయ్యవారూ. మీరు చెప్పేటప్పుడే తెలుసు."

గొంతులో ఏ కోపమూ లేదు. నారాయణ ఆ ఇంజను పూర్తిచేశాడు, అది చక్కగా తిరిగింది కూడా. కానీ ఎవరైనా మెచ్చుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.