వానలో టోకెన్

బ్రాడ్‌బ్యాండ్ పెట్టించిన ఏడాది మా గుంతకల్లు రైల్వే కాలనీలో జూలై దాటినా వాన లేదు. పడిన వానంతా మా పిల్లోడు సందీప్ కంప్యూటర్‌లోనే పడింది.

ఆ తుపాకుల ఆట తెరిస్తే చాలు, రాళ్లు పరిచిన వీధులు, రేకుల కప్పులు, వాటి మీద జలజలమని వాన. గుంతల్లో నీళ్లు కదిలేది కూడా కనపడేది. మొదటిసారి చూసినప్పుడు పొయ్యి మీద పాలు పొంగిపోయినా నాకు తెలీలేదు. అయితే ఆ వానలో ఒకరినొకరు కాల్చుకుంటారు కదా, అదీ నా భయం. ‘‘కొట్టు, ఏసెయ్!’’ అని వీడు అరిచేది పక్క క్వార్టర్స్ రామాంజినమ్మ వింటే? ఆ దోవన పోయే పోలీసోళ్లు వింటే? ఫ్యాక్షన్ గొడవల్లో మన జిల్లా పేరు మంచిదా? అందుకే కిటికీలు మూసి, ఫ్యాను పెద్దగా పెట్టేదాన్ని.

ఆడేది అక్కాతమ్ముళ్లే. గౌతమికి బెంగళూరులో ఉద్యోగం. ఆదివారం మధ్యాహ్నం అది ఆడ తన హాస్టల్లో, వీడు ఈడ, ఆటలో ఇద్దరికే ఒక గది తెరుచుకొని ఒకరి వెంట ఒకరు పడేవాళ్లు.

ఆటలోని ఊరి గోపురం మీద ఒక పెద్ద తుపాకి ఉంటుంది. అది దొరికినవాళ్లదే గెలుపు. ఒక్క గుండుకే అవతలి మనిషి అయిపోతాడు. తక్కినవన్నీ దాని ముందర దీపావళి తుపాకులే. గౌతమి నెట్టు వేగం, మాది నత్త. ప్రతిసారీ అదే ముందెక్కేది.

‘‘ఇదేం ఆటక్కా? చూసేదానికి బాగుంది గానీ న్యాయం లేదు’’ అన్నాడు సందీప్ ఒకరోజు.

‘‘నీకు చేతకాక ఆట మీద పడతాండావు’’ అనింది స్పీకర్లలో గౌతమి.

వీడు కంప్యూటర్ తీగ పీకేసినాడు. రెండు నెలలు అక్కతో మాట లేదు. దాని ఫోను వస్తే పెరట్లోకి పోయేవాడు.

మా అన్నలిద్దరూ బోరు మోటారు ఎవరు ముందు వేసుకోవాలనే దగ్గర మాటలు మానుకొని పదకొండేళ్లయింది. అప్పట్నుంచి నా పెండ్లి ఫోటోలో తప్ప ఇద్దరూ ఒకచోట ఉండేది నేను చూడలేదు. వీళ్లు కూడా అట్లే అయిపోతే అనుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

అట్లాంటప్పుడు గౌతమి నాకు ఫోను చేసింది. ‘‘అమ్మా, ఆట చేసినోళ్లు ఆ తుపాకిని సరిచేసినారంట. ఇంకొక్కసారి ఆడమని చెప్పు వానికి.’’

‘‘నువ్వే చెప్పుకోరాదా?’’

‘‘నా ఫోను ఎత్తితే కదా!’’

చెప్పినాను. సందీప్ నన్ను ఎగాదిగా చూసినాడు. ‘‘ఏమ్మా, కండ్లు పోతాయంటివి, ఫిట్స్ వస్తాయంటివి. ఇప్పుడు ఆడమంటాండావే?’’

‘‘ఒక్కసారికి ఏం కాదులేరా. క్యారెట్లు తెచ్చినా.’’

ఆ ఆదివారం కూర్చున్నాడు. మూడు పందేలు ఆడినారు. మూడుసార్లూ గోపురం గౌతమిదే, మూడుసార్లూ వీడే పడినాడు.

‘‘సరిచేసింది యాడ? రంగు మార్చినారు, అంతే!’’ అని తీగ మీద చెయ్యి వేసినాడు.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. ‘‘లాగొద్దురా, షాక్ కొడుతుంది. ఆ తుపాకికి టోకెన్ పెట్టుకోండి.’’

మా నాయన ఒంటి లైను మీద ఒక చిన్న స్టేషన్లో పాయింట్స్‌మన్. ఎదురుగా ఇంకో బండి రాకుండా, డ్రైవరు చేతిలో టోకెన్ ఉంటేనే బండి కదలాల. బెత్తం రింగు, దానికి తోలుసంచి, సంచిలో ఇనుప గుండు. నాయన దాన్ని ఎత్తి పట్టుకుంటే పోయే బండిలోంచి డ్రైవరు చేతికి తగిలించుకునేవాడు. మెయిలైనా సరే, టోకెన్ లేకుంటే నిలబడాల్సిందే.

‘‘ఎవరి దగ్గర టోకెన్ ఉంటే ఆ పందెం తుపాకి వాళ్లది. పందెం అయినాక అవతలివాళ్లకు ఇచ్చేయాల’’ అన్నాను.

‘‘ఆటకు గూడా రైల్వే రూల్సా మా?’’ గౌతమి పకపకా నవ్వింది.

‘‘తుపాకి ముందర నిలబడి ముట్టుకోకుండా ఉంటాదా ఇది? దొంగ మొహం!’’ అన్నాడు సందీప్.

‘‘ఎవర్రా దొంగ మొహం, కోతీ!’’

ఆ తిట్లు విని నా ప్రాణం లేచొచ్చింది. వంటింట్లోకి పోయి బిందె కింద పెట్టే గుండ్రటి కుదురు తెచ్చి కంప్యూటర్ మూలకు తగిలించినాను. మొదటి టోకెన్ సందీప్‌ది.

మా నెట్టు మళ్లీ మొండికేసింది. నాలుగు అడుగులకొకసారి బొమ్మ ఆగిపోయేది. ‘‘అయిపాయె. ఈపాటికి ఎత్తుకునింటాది’’ అని గొణుగుతూనే గోపురం ఎక్కినాడు.

తుపాకి నేల మీదనే ఉండాది. పక్కన గౌతమి బొమ్మ చేతులు కిందికి వేసుకొని వానలో నిలబడి ఉంది.

‘‘ఎప్పుడో వచ్చినా. టోకెన్ లేదు కదా, ఔటర్ సిగ్నల్ కాడ ఆపినారు’’ అనింది.

సందీప్ తుపాకి తీసుకున్నాడు. కాల్చలేదు. ‘‘పరుగెత్తక్కా, పది లెక్కపెడతా’’ అన్నాడు.

నాకేమో గౌతమి నెత్తి మీదనే కన్ను. ‘‘ఎంతసేపట్నుంచి తడుస్తాందో పిల్ల! తొందరగా కానీరా, జలుబు చేస్తాది’’ అన్నాను.

ఈడ వీడు, ఆడ అది, కడుపు పట్టుకొని నవ్వినారు.

ఆ పందెం వీడు గెలిచినాడు. గెలిచిన వెంటనే కుదురు ఊడదీసి, అచ్చం మా నాయన మాదిరి, చెయ్యెత్తి కంప్యూటర్ ముందర పట్టుకున్నాడు. ‘‘అక్కా, అందుకో!’’

‘‘ఏమక్కా, మీ ఇంట్లో వాన చప్పుడు వస్తాంది?’’ బయటినుంచి రామాంజినమ్మ గొంతు.

కిటికీ మూయడం మర్చిపోయినానని అప్పుడు తెలిసింది నాకు.

‘‘లోపలికి రా రామాంజినమ్మా, చూద్దువుగానీ’’ అన్నాను.