ఎర్రయ్యమ్మగారి హాజరు

నేను ఒక ఇత్తడి బిళ్ళను. అరచేతంత వెడల్పు, అంచున తాలూకా పేరు, నడుమ ఒకప్పుడు కిరీటం. మద్రాసులో పోతపోసి, ఉత్తరాన కొండల కింది ఒక తాలూకా కచేరీకి నన్ను పంపారు. అక్కడ ఎర్ర బనాతు గుడ్డపట్టీ మీద, గౌరునాయుడనే బంట్రోతు రొమ్మున కొలువుదీరాను. జనం దండం పెట్టేది నాకు. తనకే పెడుతున్నారని నాయుడు మీసం దువ్వుకొనేవాడు.

తెల్లదొరలు ఓడలెక్కారు. గణతంత్రం వచ్చింది. కొత్త బిళ్ళలు వచ్చేదాకా పాతవాటి మీది కిరీటాన్ని అరగదీయించమన్నారు. కంసాలి ఆకురాయి నా మీద తిరిగిన పూట మొదలు నాకు నిలకడ లేదు. పైకి పోలేక, కిందికి దిగలేక వేలాడిన త్రిశంకుడి గతి నాది. రాజు పోయాడు, ఆ చోటికి వచ్చినదెవరో ఎవరూ చెక్కలేదు.

అప్పుడే జమీలు రద్దయి, సాగులో ఉన్నవారికి పట్టాలిచ్చే విచారణ మొదలయింది. దానికి వచ్చిన అధికారి సోమయాజులుగారు వేదం వల్లించిన ఇంటి మనిషి. వచ్చీరాగానే నాయుణ్ణి పిలిచారు.

"ప్రజ అంటే బిడ్డ అని అర్థం, నాయుడూ. ఇన్నాళ్ళూ రాజుగారి బిడ్డలమన్నారు. ఇప్పుడు రాజు లేడు, బిడ్డ పెద్దవాడయ్యాడు. ఇకమీదట ఎవరినైనా సరే, 'గారు' చేర్చి పిలు."

"సిత్తం" అన్నాడు నాయుడు. బయటికి వచ్చి తోటి బంట్రోతు దగ్గర గొణిగాడు: "గారు అంతంటే నోట్నో తాటిటెంక పడ్డట్టుందిరా. మా మావనే నానెప్పుడూ అన్నేదు."

ఆ వారంలోనే ఎర్రయ్యమ్మ విచారణ వచ్చింది. ఆమె మాలపేట ముసలామె, విధవ. భర్త రాళ్ళేరి సాగులోకి తెచ్చిన మెట్టచెక్క ఒక్కటే ఆమెకు ఆధారం. అది తనదేనని ఒక కామందు పోటీకి దిగాడు. చెక్క పోతే ఆ వయసులో ఆమె కూలికి పోవాలి. పొద్దున్నే నడిచివచ్చి, కచేరీ మెట్లకు దూరంగా చింతనీడన కూర్చుంది.

"ఎర్రయ్యమ్మగారూ, హాజరు" అని నాయుడు వసారా నుంచి ముమ్మారు పిలిచాడు. అది కచేరీ ఆచారం. ఆమె అటూ ఇటూ చూసి, ఎవరో గొప్పింటి ఇల్లాలికి దారి ఇస్తున్నట్లు మరింత ఒదిగి కూర్చుంది. కామందు గుమాస్తా ఆమెను ఎరుగును, ఎరిగీ మిన్నకున్నాడు. హాజరు కాలేదని ఆమె అర్జీని కొట్టివేశారు.

సాయంకాలం కచేరీ మూసే వేళకు ఆమె అక్కడే ఉంది.

"ఎవులే నువ్వు?" అన్నాడు నాయుడు.

"ఎర్రయ్యమ్మని బాబూ. నన్నెప్పుడు పిలుత్తారు?"

"పిలిసినాను కదే. నీకు సెవుడా?"

"గారూ అన్నావు బాబూ. ఎవులో కామందు పెళ్ళాం అనుకున్నాను."

నాయుడు గిరుక్కున వెనుదిరిగాడు. లోపలికి పరుగెత్తి, తలపాగా తీసి, చేతులు కట్టుకొని జరిగినది చెప్పాడు.

"నోటీసు అందనేదని రాసీండి బాబూ."

"అందింది కదా. అందనిది మన పిలుపు" అన్నారు సోమయాజులుగారు. అర్జీ కొట్టివేసిన ఉత్తరువును కలంతో అడ్డంగా కొట్టి, విచారణ మర్నాటికి మార్చారు. "మళ్ళీ నువ్వే పిలవాలి. గారు తీసివేయకూడదు."

మర్నాడు నాయుడు పిలిచాడు. ఆ పిలుపు తనకేనని ఈసారి ఆమెకు తెలుసు. అయినా నలుగురి ఎదుట ఆ 'గారు'కు లేవడానికి జంకి, చింతకిందే ఉండిపోయింది. వసారాలో నవ్వులు రేగాయి. "పల్లకీ తెమ్మంటారేటి, గారూ?" అన్నాడు గుమాస్తా. ఆమె తల మరింత వాలింది.

రెండోసారి పిలిచాడు. కదలిక లేదు. మిగిలింది ఒక్క పిలుపు. పాత పద్ధతిలో "ఒసే ఎర్రీ" అంటే చాలు, ఆమె పరుగున వస్తుంది, చెక్క దక్కుతుంది. ఆ మాట నాయుడి గొంతుదాకా రావడం అతని రొమ్ము మీద ఉన్న నాకు తెలిసింది. తన బలం తానెరుగని ఆంజనేయుడికి సముద్రపుటొడ్డున జాంబవంతుడు చెప్పవలసివచ్చింది. ఇక్కడ చెప్పవలసినవాడు ఒక బంట్రోతు.

నాయుడు మెట్లు దిగాడు. పిలవడానికి మెట్లు దిగడం ఆ కచేరీలో నేనెన్నడూ చూడలేదు. చింతకిందికి వెళ్ళి, ఆమె ఎదుట వంగి, మెల్లగా అన్నాడు:

"ఎర్రయ్యమ్మగారూ, లెగండి."

"ఆళ్ళు నవ్వుతన్నారు బాబూ."

"నవ్వనీండి. నన్ను సూసి కూడా నవ్వుతన్నారు."

ఆమె లేచింది. లేస్తూ అలవాటున నాకు దండం పెట్టబోయి ఆగింది.

"బిళ్ళ మీద రాజేడి బాబూ?"

"నేడమ్మా. సెరిపీసినారు."

"మరిప్పుడెవులున్నారు?"

నాయుడు నన్ను తడుముకొన్నాడు. "ఏమో. ఇంకా ఎవుల్నీ సెక్కనేదు."

ఆమె లోపలికి నడిచింది. ఇరుగు పొరుగు సాగుదారులు ఆమె తరఫున సాక్ష్యం పలికారు; చెక్క ఆమె పేరనే పట్టా అయింది. కొన్నాళ్ళకు సింహాలున్న కొత్త బిళ్ళలు వచ్చాయి, నన్ను పాత ఇత్తడిలో వేలం వేశారు. ఇప్పుడు ఒక కంచరివాని గుట్టలో, విరిగిన చెంబుల నడుమ, కొలిమి వంక చూస్తూ ఉన్నాను. కరిగించి ఏ వస్తువుగా పోస్తాడో తెలియదు. ఏదైతేనేమి, దానికొక పేరుంటుంది. ఆ పేరుతో ఎవరో పిలుస్తారు. అది నన్నేనని నేను గుర్తుపట్టగలనా అన్నదే నా బెంగ.