ఉక్కు తలుపుకు టైల్స్ బిట్టు

మందుల కోల్డ్‌రూమ్ తలుపు ముందు టైల్స్ మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని, డ్రిల్లింగ్ మిషన్‌ను ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నొక్కుతున్నాడు. మిషను కీచుమని అరుస్తోంది. తలుపు మీద చుక్కంత చోటు నీలంగా మారింది. సన్నగా పొగ లేచింది. బిట్టు కొన ఎర్రబడి ఠప్పున విరిగి, వాచ్‌మన్ బూటు పక్కన పడింది.

"ఆపండి బావా!"

మెట్ల మీద నుంచి వచ్చిన ఆ కేకకు మేస్త్రి వేలు స్విచ్ వదిలేసింది. భుజాన సంచీతో మరదలు పరుగున వచ్చింది. ఆమె పనిముట్ల కర్మాగారంలో డ్రిల్ బిట్లు డిజైన్ చేస్తుంది. మాటలో పదును ఎక్కువని పెళ్లిపందిట్లోనే బావ ఆమెకు 'ములుకు' అని పేరు పెట్టాడు. ఆ పేరే ఇంట్లో స్థిరపడిపోయింది.

"అక్క ఎలా ఉంది?"

"తలుపు కొడుతూనే ఉంది. విను."

లోపలి నుంచి దబ్, దబ్ అని వినిపించింది. అక్క ఇక్కడే మందుల లెక్కలు చూస్తుంది. సరుకు చూసుకోవడానికి లోపలికి వెళ్లగానే వెనక తలుపు మూసుకుంది. పిడిని గడియతో కలిపే కడ్డీ విరిగింది. ఇప్పుడు పిడి లోపలా బయటా ఊరికే గిర్రున తిరుగుతోంది. కూలింగ్ ఆపేసినా గదిలో చలి ఎక్కడికీ పోదు. ఒంటి మీద ఉన్నది పల్చటి స్వెట్టరు.

"ఫైర్ వాళ్లు?"

"ఊరి అటు చివర గోదాం తగలబడుతోందట, అక్కడున్నారు. గ్యాస్ కటర్ తెప్పిస్తానంటే ఈయన వద్దంటున్నాడు" అని మేస్త్రి పక్కనున్న ముసలాయన్ని చూపించాడు.

ఆ తలుపుకు తాళం బిగించిన మనిషి ఆయనే. "తలుపు మధ్యలో ఫోమ్ ఉందమ్మాయ్. నిప్పు తగిలితే విషప్పొగ. అది పోయేది లోపలికే" అన్నాడు. "నేను సుద్దతో గుర్తు పెట్టిన చోటే కన్నం పడాలి. దాని వెనక ఇత్తడి మీట ఉంది. చువ్వతో తోస్తే గడియ జారుతుంది. పక్కన పడితే మీట అందదు. బిట్టు దూసుకెళ్లి మీటను విరిచిందా, ఇక గోడ పగలగొట్టుకోవడమే."

సుద్ద గుర్తు సరిగ్గా ఆ నీలం మచ్చ చుట్టూ ఉంది.

ములుకు సంచీలోంచి చిన్న ఆకురాయి తీసి మచ్చ మీద గీసింది. గీత పడలేదు. ఆకురాయి జారిపోయింది.

"స్టెయిన్‌లెస్ స్టీలు మొండిది బావా. కోస్తే తెగుతుంది, రుద్దితే బిగుసుకుంటుంది. మీరు ఫుల్ స్పీడులో రుద్ది రుద్ది పైపొరను గాజు చేసి పెట్టారు."

"నన్ను తిట్టడానికా పరిగెత్తుకొచ్చావు?"

"తిట్టడానికి అక్క ఉందిగా. ముందు ఆవిడను బయటికి తీద్దాం."

ఆమె సంచీలో మెత్తటి గుడ్డలో చుట్టిన కొత్త బిట్టు ఉంది. ఉన్నది ఆ ఒక్కటే నమూనా. కొన దగ్గర సన్నగా మొదలై, ఒక మెట్టు దిగి లావవుతుంది. కోసే అంచుల్లో చిన్న చిన్న గాట్లున్నాయి. ఇనప రజను పొడుగ్గా చుట్టుకోకుండా ముక్కలై రాలడానికి ఆ గాట్లు. దాన్ని చూడగానే మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది.

"ఇంకేం, పెట్టు దాన్ని!"

"ఈ గాజుపొర మీద పెడితే దీని మూతి రాలిపోతుంది. ఇదీ పోయాక అక్కకు ఏం చెబుదాం?"

ఆమె చూపు బావ పనిముట్ల పెట్టె మీద పడింది. అడుగున బల్లెం మొనలా, ఉక్కుకన్నా గట్టిదైన కార్బైడ్ కొనతో ఒక బిట్టు కనిపించింది. బాత్‌రూముల్లో గోడల టైల్స్‌కు కన్నాలు వేసేది.

"అది ఇవ్వండి."

"టైల్స్ బిట్టుతో ఉక్కు తలుపుకా? మా మేస్త్రీలు వింటే నన్ను ఊళ్లో తిరగనివ్వరు."

"ఇప్పుడది ఉక్కులా ఎక్కడుంది? గాజు చేశారుగా. గాజుకు వేసేదే వేస్తాను."

వజ్రప్పొడి అద్దిన పలక తీసి ఆ కొన అంచులకు సాన పట్టింది. మిషన్ పక్కనున్న స్విచ్ సుత్తి బొమ్మ మీద ఉండడం చూసి కళ్లెగరేసింది. మేస్త్రి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె దాన్ని మామూలు చోటికి తిప్పి, స్పీడు బాగా తగ్గించింది.

"నీళ్లు పోయండి బావా. టైల్స్‌కు పోస్తారే, అలాగే. ధారగా వద్దు, చుక్కలు చుక్కలుగా."

ఆ పనిలో మేస్త్రి చేతికి తిరుగులేదు. సీసా మూతి బొటనవేలితో మూసి, చుక్క వెంట చుక్క వదిలాడు. మిషను గరగరమని సణగడం మొదలుపెట్టింది. బూడిదరంగు పొడి నీళ్లతో కలిసి కారింది. ములుకు నొక్కడం లేదు. బిట్టును ఆనించి పట్టుకుంది, అంతే.

ఉన్నట్టుండి లోపలి చప్పుడు ఆగిపోయింది.

మేస్త్రి చెవి తలుపుకు ఆనించాడు. "కొట్టడం మానేసింది. ములుకూ, గట్టిగా నొక్కు!"

ములుకు చేయి కదల్లేదు. "ఇప్పుడు నొక్కితే కార్బైడ్ పగులుతుంది. నీళ్లు ఆపకండి."

గరగర, గరగర. బూడిదపొడిలో సన్నటి మెరుపు కనిపించింది. వెండితీగ ముక్కలా వంకర తిరిగిన రజను. ఆమె మొహం విప్పారింది.

"పొర దాటాం. ఇక కింద ఉన్నది మెత్తటి ఉక్కు."

బిట్టు మార్చింది. తన నమూనా కొనకు నూనె రాసింది. స్పీడు మాత్రం పెంచలేదు.

"ఇప్పుడు నొక్కండి బావా! మిషన్ వెనక చేయి వేసి ఎంత బలముంటే అంత!"

"ఇందాక నొక్కితే తిట్టావు!"

"ఇందాక మీరు వేగంగా తిప్పి రుద్దారు. ఇప్పుడు నెమ్మదిగా తిప్పి కోస్తున్నాం. మాట్లాడకుండా తొయ్యండి!"

మేస్త్రి తోశాడు. బిట్టు దిగింది. రజను నువ్వుల్లా రాలింది. తాళాలాయన ముందుకు వంగాడు. "మీట జాగ్రత్తమ్మా. బిట్టు అవతలికి తేలేటప్పుడే లాక్కుపోతుంది."

"మామూలు బిట్టయితే లాక్కుపోతుంది బాబాయ్. ఇది చెప్పి వెళుతుంది."

ఆ మాట నోట్లో ఉండగానే మిషన్ గొంతు మారింది. సన్నటి కొన మాత్రం అవతలికి తేలింది. లావు భాగం ఇంకా ఉక్కులోనే ఉంది.

"వదలండి బావా!"

మేస్త్రి చేయి తీశాడు. మిగిలిన పల్చటి అంచును ఆమె జుట్టులో చిక్కు తీసినంత నెమ్మదిగా కోసింది. బిట్టు తేలిగ్గా జారి, అక్కడే ఆగింది. వెనక్కి లాగితే కొనకు ఫోమ్ పొడి అంటుకుని వచ్చింది.

తాళాలాయన కన్నంలోకి చువ్వ దింపి, కళ్లు మూసుకుని వెతికాడు. "తగిలింది. విరగలేదు." మెల్లగా తోశాడు. లోపల గడియ బరువుగా జారిన చప్పుడైంది.

తలుపు తెరుచుకుంది. తెల్లటి ఆవిరి బయటికి పొర్లింది. అట్టపెట్టెల దొంతర మీద, తలనుంచి కాళ్ల దాకా బుడగల ప్లాస్టిక్ చుట్టుకుని అక్క కూర్చుని ఉంది. పార్సిల్ చేసి పెట్టినట్టుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

మేస్త్రి ఆమెను అలాగే ఎత్తి ఎండలోకి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. వాచ్‌మన్ తన కోటు తెచ్చి కప్పాడు.

"కొట్టడం ఎందుకు మానేశావే? ప్రాణాలు పోయాయి ఇక్కడ!" అన్నాడు మేస్త్రి.

"కీచుమంటున్నంతసేపూ మీరని తెలుసు" అంది అక్క, పళ్లు కటకటలాడుతుంటే. "అందుకే వదలకుండా కొట్టాను, ఎవరినైనా పిలుస్తారని. గరగర మొదలయ్యాక చెల్లెలొచ్చిందని అర్థమైంది. ఇక దేనికని చేతులు చంకల్లో పెట్టుకున్నాను." మొగుడి వైపు తిరిగింది. "నిజం చెప్పండి. హ్యామర్ స్విచ్ వేశారా?"

"మొదట్లో... కొంచెం."

"ఉక్కుకు హ్యామరా! తలుపనుకున్నారా, వంటింటి గోడనుకున్నారా?"

"చెప్పానుగా బావా, అక్క ఉందని" అంది ములుకు.

ఆమె భూతద్దంతో తన బిట్టు కొనను చూస్తోంది. అంచు ఎక్కడా చిట్లలేదు. దాన్ని గుడ్డలో చుట్టి సంచీలో పెట్టింది. తర్వాత నేల మీదున్న టైల్స్ బిట్టును కూడా తుడిచి, దాని పక్కనే పెట్టుకుంది.

"ఓయ్, అది నాది!"

"తెలుసు. నా తర్వాతి బిట్టుకు కొన ఇలాంటిదే పెడతాను. కింద నా మెట్టు, పైన మీ కార్బైడ్. మీలాంటి బావ ఎంత కాల్చి పెట్టినా దూరిపోవాలి."

"మరి రేపు నేను టైల్స్‌కు కన్నాలు దేనితో వేయను?"

బుడగల ప్లాస్టిక్‌లోంచి అక్క సమాధానం వచ్చింది. "రేపు మీరు ఇంట్లోనే. నా కాళ్లకు కాపడం పెట్టే పని ఉంది."