కిచకిచ ఎక్కడిది

హిందూపురంలో కుళ్లాయప్ప షెడ్డు ముందు జీపు ఆపి వనిత కిందికి దూకింది. పాతికేళ్లు దాటిన ఫోర్ వీల్ డ్రైవ్ జీపు అది. చిలమత్తూరు దగ్గర ఒక తోటలో ఏళ్ల తరబడి చాకిరీ చేసి, ఆ పొద్దునే ఆమె చేతికొచ్చింది. వనితది ధర్మవరం. పట్టుచీరలు నేస్తుంది, నేసినవి మూట కట్టుకుని ఊరూరా తనే అమ్ముతుంది. వానొస్తే బస్సు ఆగిపోయే ఊళ్లకు కూడా పోవచ్చని ఏరికోరి ఈ బండి కొనుక్కుంది.

"కుళ్లాయప్ప మామా, దీంట్లో భజన జరుగుతాండాది. ఒక్కోటి ఒక్కో గొంతుతో అరుస్తాంది. యాడినుంచి వస్తాందో తెలీదు" అంది నవ్వుతూనే.

కుళ్లాయప్ప అరవై దాటిన మెకానిక్. బానెట్ తెరవనైనా తెరవలేదు. పానాల సంచీ, పాత సైకిల్ ట్యూబు ముక్కలు, రెండు నీళ్ల సీసాలు వెనక సీట్లో పడేసి, షెడ్డుకు తాళం వేశాడు.

"నిలబెట్టిన బండి నోరిప్పదు పాపా. దారిలోనే చెప్తాది. ధర్మవరం దాకా నేనూ వస్తా. సాయంత్రం రైలుకు తిరిగొస్తా. పద."

ఊరు దాటీ దాటగానే గడగడ మొదలైంది. కుళ్లాయప్ప చేతులు చాచి ఒక్కో వస్తువునూ అదిమి పట్టుకుంటూ పోయాడు. తలుపు పట్టుకున్నాడు. మోత ఆగలేదు. డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించాడు. ఆగలేదు. వంగి సీటు కింద చెయ్యి పెట్టాడు. గడగడ టక్కున ఆగిపోయింది.

"జాకీ!" అని అరిచాడు. "కట్టేసే పట్టీ తెగిపోయి ఎగిరెగిరి పడతాంది, దొంగముండ."

జాకీకి ట్యూబు ముక్క చుట్టి బిగించారు. తర్వాత స్టెప్నీ బోల్టు, ఆ తర్వాత వెనక తలుపు గడియ. ఒక్కో చప్పుడు పోయినప్పుడల్లా వనిత స్టీరింగు మీద అరచేత్తో కొట్టి కేక వేసింది. సోమందేపల్లి వచ్చేసరికి మూడు గొంతులు మూగబోయాయి.

స్పీడు బ్రేకరు ఎక్కినప్పుడు మాత్రం వెనక నుంచి కిర్రుమని ముసలి మంచం మూలిగినట్టు వినిపించింది. కుళ్లాయప్ప బండి ఆపించి, వెనక చక్రాల దగ్గరున్న కమాను పట్టీల చివర్లలో నీళ్లు పోశాడు. వనిత వెనక బంపరెక్కి ఎగిరి చూసింది. చప్పుడు లేదు.

"ఆడ రబ్బరు బుష్‌లు ఎండిపోయినాయి. నీళ్లు తగిలితే నోరు మూసుకుంటాయి, ఆరితే మళ్లీ అరుస్తాయి. దీంతో భయమేం లేదు. తీరుబడిగా మార్చుకో."

ఇక దారి హాయిగా సాగుతుందనుకుంది వనిత. కానీ మిగతా మోతలన్నీ పోయాక, వాటి మాటున దాక్కున్నది ఒకటి బయటపడింది. కిచ్, కిచ్, కిచ్. సన్నగా, పిట్ట అరిచినట్టు. వేగం పెంచితే అదీ తొందరపడింది. కుళ్లాయప్ప ముఖంలో నవ్వు పోయింది.

"గేరు తీసేసి దొర్లనీ."

న్యూట్రల్‌లో పెట్టింది. ఇంజన్ నెమ్మదించింది. కిచకిచ మాత్రం అట్లాగే ఉంది.

"ఇంజన్‌ది కాదు. చక్రాలతో పాటు తిరిగేదేదో ఏడుస్తాంది. బ్రేకు మెల్లగా తొక్కు."

తొక్కినా మారలేదు. పెనుకొండ పొలిమేరలో, కోట ఉన్న కొండ ఎదురుగా కనిపిస్తుండగా, పక్కనున్న మట్టిదారిలోకి బండి తిప్పించాడు. వెనక టైరు మీద సుద్దముక్కతో గీత గీసి తను స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"నేను నడక మాదిరి పోనిస్తా. నువ్వు పక్కనే వస్తా విను. గీత కిందికొచ్చినప్పుడల్లా లెక్కపెట్టు."

వనిత చున్నీ నడుముకు బిగించి, వంగి, టైరు పక్కన పరుగులాంటి నడక నడిచింది. గీత నేలను తాకింది. కిచ్. కిచ్. కిచ్. కిచ్. అప్పుడుగానీ గీత మళ్లీ కిందికి రాలేదు. పొరబడ్డానేమోనని ఇంకో మూడు చుట్లు లెక్కపెట్టింది.

"మామా! చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపల నాలుగుసార్లకు పైనే అరుస్తాంది! ఇది చక్రంలోది కాదు! దానికంటే బిరబిరా తిరిగేది ఇంకేదో ఉండాల!"

కుళ్లాయప్ప బ్రేకు తొక్కిన తొక్కుడుకు దుమ్ము లేచింది.

"ఏం జెప్తివి పాపా! షాఫ్టు! చక్రం ఒకసారి తిరగాలంటే షాఫ్టు నాలుగుసార్లకు పైనే తిరగాల!"

టైర్లకు రాళ్లు అడ్డం పెట్టి ఇద్దరూ బండి కింద దూరారు. ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు మోసే పొడుగాటి ఇనుప గొట్టమే ఆ షాఫ్టు. దాని ముందు కొసన, క్రాస్ అనే కీలు దగ్గర, కుంకుమ చల్లినట్టు ఎర్రటి తుప్పుపొడి. కుళ్లాయప్ప గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని మెలితిప్పాడు. టక్కుమంది. కీలు మూత ఒకటి సగం బయటికి జారి ఉంది.

"ఇంకో పది మైళ్లు పోయింటే ఈ గొట్టం ఊడి రోడ్డుకు పొడుచుకునేది. హైవే మీద, అరవై స్పీడులో..." చేతికంటిన తుప్పును చొక్కాకు తుడుచుకున్నాడు.

వనిత ఆ జారిన మూతను వేలితో తాకి చూసింది. వెంటనే పట్టలేనంత సంతోషం పొంగింది. దొరికింది! తన చెవులకే దొరికింది!

పెనుకొండ దుకాణాల్లో ఆ పాతరకం క్రాస్ లేదు. కుళ్లాయప్ప ఫోన్ల మీద ఫోన్లు చేస్తే ధర్మవరంలో ఒకటుందని తేలింది. ఇంకా నలభై కిలోమీటర్ల పైమాటే.

"లాక్కుపోయే బండిని పిలిపిద్దామా?" అన్నాడు.

వనిత గేరు రాడ్డు పక్కనున్న పొట్టి రాడ్డు వైపు చూసింది. "మామా, ఇది ఫోర్ వీల్ కదా. వెనక షాఫ్టు ఊడబీకేస్తే ముందు చక్రాలు లాగవా?"

కుళ్లాయప్ప ఆమెను ఎగాదిగా చూసి పకపకా నవ్వాడు. "నా నోట్లో మాట లాక్కుంటివి!"

బోల్టులు ఊడదీశారు. షాఫ్టును వెనక సీటు మీద పడుకోబెట్టారు. ఇంజన్ బలం ముందు చక్రాలకు అందేలా వాటి హబ్‌లు లాక్ చేసి, వనిత పొట్టి రాడ్డు లాగింది. ఊపిరి బిగబట్టి క్లచ్ వదిలింది. జీపు ముక్కు ఒక్కసారి వంచి, ముందు చక్రాలతోనే పాకింది.

"పోతాండాది! మామా, పోతాండాది!"

హైవే మీద కొత్త కార్లను మోసుకుపోయే ట్రైలర్లు పక్కనుంచి దూసుకుపోతుంటే, వనిత నలభై దాటకుండా ఎడమ అంచున పోనిచ్చింది. కిచకిచ లేదు. ఇంజన్ చప్పుడు, గాలి, అంతే. పాటలాగా ఉంది ఆమెకు.

మధ్యాహ్నం రెండింటికి ధర్మవరంలో దుకాణం ముందే కొత్త క్రాస్ బిగించారు. మూతల మీద సుత్తి దెబ్బలు వనితే వేసింది. కుళ్లాయప్ప పక్కన గొంతుక్కూర్చుని "మెల్లగా, నేరుగా, ఆ, అట్ల" అంటూ పోయాడు.

రైలుకు దిగబెడతానని ఆయన్ను ఎక్కించుకుంది. దారి పొడుగునా ఆయన కళ్లు మూసుకుని వింటూనే ఉన్నాడు. గుంతల్లో దించింది, గతుకుల మీద ఎక్కించింది. బయల్దేరే ముందు బుష్‌ల మీద మళ్లీ నీళ్లు పోశారు కాబట్టి చిన్న చప్పుడు కూడా లేదు. స్టేషన్ ముందు బండి ఆగినా ఆయన దిగలేదు.

"రైలుకు ఇంకా ముక్కాల్‌గంట ఉండాది కదా పాపా" అన్నాడు, సంచీ ఒళ్లో పెట్టుకుని. "ఇంకొక రౌండు తిప్పు."