తేటనీళ్ళ గర్వం

నేను ఒక చిల్లగింజను. చూడటానికి చొక్కా గుండీ అంత ఉంటాను గానీ, కుండెడు బురదనీటిని తేటపరిచే ఘనత నాది. పుట్టింది మన్యంలో. ఓ కొండమనిషి మమ్మల్ని ఏరి, ఎండబెట్టి సంతలో పోస్తే, గోదావరి లంకలో ఉండే అచ్చాయమ్మ గుప్పెడు కొనుక్కుంది. తోటిగింజలన్నీ అరిగిపోయాయి. మిగిలింది నేనే.

వరదరోజుల్లో గోదావరి ఎర్రగా వస్తుంది. అప్పుడు మొదలవుతుంది నా వైభోగం. అచ్చాయమ్మ నన్ను తడిపి, కుండ లోపలి గోడకు బరబరా రుద్ది, రేవు నీళ్ళు పోసి కలియబెడుతుంది. భోజనాలయ్యేసరికి మట్టంతా అడుక్కి దిగి, పైన నీళ్ళు అద్దంలా మెరుస్తాయి. నీళ్ళను అందరూ మెచ్చుకుంటారు. అరిగిన నా ఒంటిని ఎవరూ చూడరు. మనుషుల తీరే అంత.

చిక్కల్లా కోడలు భవానితో వచ్చింది. ఆమె పాపకు ఆరో నెల, ఆ వారంలోనే అన్నప్రాసన. పాప మొదటిసారి నీళ్ళు తాగేది ఆరోజే. పోయిన ఏడాది వరదల్లో పక్కింటి పసివాడు విరోచనాలతో చావు తప్పి బయటపడ్డ సంగతి భవాని మరిచిపోలేదు.

"అత్తయ్యా, నీళ్ళు కాచి చల్లారుద్దామండి. నిన్ననేగా మన రేవు పక్కనించి చచ్చిన గేదె కొట్టుకెళ్ళింది?"

"కొట్టుకెళ్ళిందిగా, ఆగలేదుగా! గోదారమ్మకి మైలేంటే పిచ్చిదానా? చూడు, కుండ అడుగు కనపడతంది. కాస్తే నీళ్ళు చప్పబడిపోతాయి" అంటూ అచ్చాయమ్మ గ్లాసు నిండా ముంచుకుని కోడలి ఎదుటే గటగటా తాగింది. నేను గర్వంతో ఉబ్బిపోయాను.

రెండు రోజులు తిరక్కుండానే అచ్చాయమ్మ చెంబు పట్టుకుని పెరట్లోకి పరుగులు మొదలుపెట్టింది. మొదట బజ్జీలు పడలేదంది. తర్వాత మొక్కజొన్న పొత్తులంది. ఆఖరికి దిష్టి తగిలిందంది. నీళ్ళ మాట మాత్రం ఎత్తలేదు. గూట్లో కూర్చుని వింటున్న నాకు సిగ్గేసింది. నేను దించింది మట్టినే. కంటికి కనపడనిది ఆ తేటనీళ్ళలోనే ఉండిపోయింది.

అన్నప్రాసన నాడు పాపకు పాయసం నాకించారు. నీళ్ళు తాగించాల్సింది నానమ్మే. అచ్చాయమ్మ ఉగ్గుగిన్నెతో కుండలోవి ముంచి పాప పెదవుల దగ్గరికి తెచ్చింది. పాప నోరు తెరిచింది.

అచ్చాయమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఇది బజ్జీలు తినలేదుగా" అని గొణిగి, గిన్నెడు నీళ్ళూ వాకిట్లో పారబోసింది. "భవానీ, పొయ్యెలిగించు. బాగా మరగనియ్యి."

"చప్పబడిపోతాయేమోనండీ" అంది భవాని నవ్వాపుకుంటూ.

"పడనీ! పసిదానికి రుచులేం తెలుత్తాయే?" అని కళ్ళు తుడుచుకుంది అచ్చాయమ్మ. పొగ వల్లట. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

ఇప్పుడు ముందు నన్ను రుద్దుతారు, తేరాక వడకడతారు, ఆపైన మరగబెడతారు. నేను కందిబద్దంత అయ్యాను. ఈ వరద దాటను. నిన్న పాప ఉగ్గుగిన్నె ఖాళీ చేసి, ఇంకా కావాలని దాన్ని నేలకేసి కొట్టింది. ఆ నీళ్ళలో నా ఒళ్ళు కూడా రవ్వంత ఉంది.