చెంబెడు నీళ్ళు

ఎండకు ఇల్లు చల్లగా ఉంటుందని పోయిన నెలలో తానే రేకుల మీద పరిచిన వరిగడ్డిని అరుణమ్మ ఇప్పుడు గెడకర్రతో కిందికి లాగుతోంది. లాగిందల్లా నెత్తిన పడుతోంది, కళ్ళలో పడుతోంది. తుడుచుకునే తీరిక లేదు. వెనకాల గుట్ట మీద మధ్యాహ్నం దాకా సన్నగా ఒక్కచోటే లేచిన పొగ ఇప్పుడు గుట్ట పొడుగునా పరుచుకుంది. దాని కింద ఎర్రటి గీత కనబడుతోంది. గాలి ఇటే కొడుతోంది.

పొద్దుటి షిఫ్టు దిగి వచ్చాక ఆమె మెతుకు ముట్టలేదు. గ్యాస్ సిలిండర్‌ను ఊడదీసి రోడ్డవతలి బండరాళ్ళ దగ్గర పెట్టి వచ్చింది. ఆధార్ కార్డులూ, రేషన్ కార్డూ, అత్త మందులూ ఒక కవరులో కట్టి కూతురు మహిత స్కూలు బ్యాగులో వేసింది. ఒంటిపూట బడి కాబట్టి పిల్ల ఇంట్లోనే ఉంది, అదొక్కటే కొంత ధైర్యం. మోకాళ్ళు పట్టేసిన అత్త నర్సమ్మను మంచంతో సహా మోయాలంటే మగదిక్కు కావాలి. మొగుడు మల్లేష్ మందుల కంపెనీలో మధ్యాహ్నం షిఫ్టుకు పోయాడు. కబురు చేద్దామంటే ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. ఫోనులో పుట్టే రవ్వకే లోపలి మందులు అంటుకుంటాయని కంపెనీ భయం. కంపెనీకి అంత జాగ్రత్త మరి.

కాజీపల్లి అడవి అంచున నాలుగు గదుల లైను అది. కట్టించింది ఊరి రైతు శ్రీశైలం, అందరూ పటేల్ అనే ఆయన. గుట్ట కింది పొలం ఫ్యాక్టరీల నీళ్ళకు చవుడు తేలి పంట పండక, పోయిన పైరు స్థానంలో గదులు మొలిపించాడు. ఆయనే లేబర్ కాంట్రాక్టరు కూడాను. మల్లేష్‌ను కంపెనీలో పెట్టించింది ఆయనే, అరుణమ్మను మిషన్లూ డ్రమ్ములూ కడిగే కడుగుడు సెక్షన్లో పెట్టించిందీ ఆయనే. జోగిపేట దగ్గర బోరు ఎండిపోయి ఎకరన్నర బీడు పెట్టుకుని వచ్చిన సంసారానికి పటేల్ అంటే గౌరవమూ ఉంది, అంతకు మించిన భయమూ ఉంది.

గదుల వెనక తాటిపత్రి పట్టా కప్పిన పాక ఒకటి ఉంది. ఏడాది కిందట కంపెనీ నుంచి డీసీఎం వ్యానులో వచ్చిన నీలం డ్రమ్ములు అందులో పేర్చి ఉన్నాయి. ఖాళీవే అన్నాడు పటేల్. ఎండ ముదిరినప్పుడు ఖాళీ డ్రమ్ములు ఉబ్బి ఠప్‌మని చప్పుడు చేస్తాయా అని ఎవరూ అడగలేదు. ఆ ఏడు ఆయన కిరాయి పెంచలేదు. ఎందుకు పెంచలేదనీ ఎవరూ అడగలేదు. వచ్చిన మేలును ఎదురు ప్రశ్నలతో పాడుచేసుకునేంత అమాయకులు కారు లైనులోని వాళ్ళు. అరుణమ్మ కూడా వాళ్ళలో ఒకతే.

గడ్డి సగం దిగిందో లేదో పటేల్ బుల్లెట్టు వచ్చి ఆగింది. వెనకాలే ట్రాలీ ఆటోలో ఇద్దరు కూలీలు. ఎంత తొందరలో ఉన్నా ఇంటికొచ్చిన మనిషికి నీళ్ళు ఇవ్వడం చేతులకు అలవాటు. అరుణమ్మ బిందెలోంచి చెంబు ముంచి తెచ్చి ఇచ్చింది. ఆయన ఎప్పటిలాగే చెయ్యి అడ్డం ఊపి, బండి సంచిలోంచి తన సీసా తీసి తాగాడు. ఈ లైనులో ఆయన ఏనాడూ గుక్కెడు నీళ్ళు తాగలేదు. కులం పట్టింపు కాబోలని అరుణమ్మ అనుకునేది.

మనుషుల్ని తరలించడానికి ఆటో తెచ్చాడేమో అని ఆమె ఆశపడింది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. పటేల్ వచ్చిన పని డ్రమ్ములది. ఆటోలో ఎక్కించి దాటించేద్దామనుకున్నాడట. మెయిన్ రోడ్డు మీద పోలీసులు బండ్లు ఆపుతున్నారు. ఫైరింజను బయలుదేరిందని కబురు వచ్చింది. అది వచ్చేసరికి పాక ఖాళీగా కనబడాలి. అందుకని ఒక్కో గుమ్మం ముందు నీళ్ళ డ్రమ్ముల పక్కన రెండేసి పెట్టి, తడి గోనెసంచులు కప్పేయమన్నాడు. లైనువాళ్ళు ట్యాంకరు నీళ్ళు పట్టుకునేవీ పాత సామాను కొట్టులో కొన్న అవే రకం నీలం డ్రమ్ములు. పక్కన పెడితే ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది?

"ఎవ్వలన్న అడిగితె నీళ్ళ డ్రమ్ములని చెప్పుండ్రి. గంతే" అన్నాడు.

నిప్పు దగ్గరికొస్తుంటే ఇంట్లో ఉన్నవన్నీ బయటకు మోస్తారు గానీ, ఇలాంటివి గుమ్మంలోకి తెచ్చుకుంటారా?

"అంటుకుంటె ఎట్ల పటేలా? లోపట ముసల్ది ఉంది, పిల్ల ఉంది."

"మంట గీడిదాక రాదు. మూతలు గట్టిగున్నయ్. గవి ఆఫీసరోళ్ళ కండ్ల పడితెనే మనకు పరేషాన్." పటేల్ గొంతు ఎప్పుడూ పెంచడు. పెంచే అవసరం ఆయనకు రాలేదు. "మల్లేష్ నౌకరి గురించి గూడ జెర ఆలోచన చెయ్ అరుణా."

పక్క గది బాలరాజ్ రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాడు లేచొచ్చి కూలీలతో కలిసి డ్రమ్ములు దొర్లించాడు. చివరి గది ఒరిస్సా కుర్రాళ్ళు "జల్దీ, జల్దీ" అనుకుంటూ సాయం పట్టారు. బతుకు భయం ఒక పక్క, చావు భయం ఒక పక్క. రెండోది ఇంకా గుట్ట మీదే ఉంది, మొదటిది ఎదురుగా బుల్లెట్టు మీద కూర్చుని ఉంది. అందుకే అందరూ మొదటిదాని మాటే విన్నారు.

అరుణమ్మ మళ్ళీ గడ్డి పని అందుకుంది. నిప్పురవ్వలు ఇంకా రాలేదు గానీ బూడిద వచ్చి వాకిట్లో పడుతోంది. సంచులు తడిపి గుమ్మానికి కట్టమని మహితకు చెప్పింది. పిల్ల చురుకైంది. ఒకటి తడిపి తలుపుకు వేలాడదీసింది, ఇంకోటి తడిపి నానమ్మకు వేడి తగలకూడదని మంచం మీద, ముసలమ్మ కాళ్ళ దగ్గర పరిచింది.

కాసేపటికి నర్సమ్మ లోపలి నుంచి కోడల్ని పిలిచింది.

"ఏంది పిల్లా గీ వాసన? పోరి గోళ్ళకేసుకునే రంగు లెక్క కొడ్తుంది. నా తల తిరుగుతుంది."

అరుణమ్మ గడ్డి చేతులతోనే లోపలికి వెళ్ళి సంచి ముక్కుకు ఆనించి చూసింది. ఏ వాసనా లేదు. ఏ వాసనైనా ఆమెకు తెలిసి ఎన్నాళ్ళయిందో. కడుగుడు సెక్షన్లో చేరిన కొత్తలో ముక్కు మండేది. తరవాత మంట పోయింది, మంటతో పాటు పోపు వాసనా పోయింది. మోరీ కంపు తెలియదు కదా, అదొక లాభమని నవ్వుకునేది. పప్పు మాడితే అత్త కేకేసి చెప్పాలి. అత్త ఊరి నుంచి వచ్చి ఆరు నెలలే అయింది, ఆమె ముక్కు ఇంకా ఊరిదే.

సంచిని పిండి ఆ తడిని అరచేతిలోకి పట్టింది. నీళ్ళయితే కాసేపు నిలవాలి. చూస్తుండగానే చెయ్యి మంచులా చల్లబడి, తడి ఆరిపోయి, చర్మం సున్నం పూసినట్టు తెల్లబడింది. కడుగుడు సెక్షన్లో రోజూ చేతులకు తగిలే మందే, రవ్వ చాలు అంటుకునేది.

"ఏ డ్రమ్ములకెళ్ళి తడిపినవ్ బిడ్డా?"

మహిత బిత్తరపోయి గుమ్మం అవతల చూపించింది. దొర్లించడంలో ఒక డ్రమ్ము మూతను బిగించే ఇనుప కడియం జారిపోయింది. మూత పక్కకు ఒరిగి ఉంది. లోపల నీళ్ళలాగే తేటగా మెరుస్తోంది.

నిప్పు నుంచి కాపాడాలని పిల్ల తలుపుకు కట్టింది, అత్త కాళ్ళ మీద పరిచింది. అదే నిప్పును పిలిచేది. అప్పుడే అరుణమ్మ కంటికి బాలరాజ్ కనబడ్డాడు. డ్రమ్ములు దొర్లించి అలసి, వాటికి ఆనుకునే కూర్చుని, పెదవుల మధ్య బీడీ పెట్టుకుని అగ్గిపెట్టె తెరుస్తున్నాడు.

ఎలా చేరిందో ఆమెకే తెలియదు. అగ్గిపెట్టె మీద ఒక్క దెబ్బ వేసింది. పుల్లలు వాకిలంతా చెదిరాయి. బాలరాజ్ కోపంగా లేవబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఆమె చెప్పింది విని తన చేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. అతనికీ ఏ వాసనా తెలియలేదు. ఒరిస్సా కుర్రాళ్ళూ చూశారు, వాళ్ళకూ తెలియలేదు. ఈ గాలికి అలవాటుపడ్డ మహితకూ అంతే. లైను మొత్తానికి పనిచేసే ముక్కు మంచంలోని ముసలమ్మది ఒక్కటే.

సంచులు రెండూ కర్రతో ఎత్తి రోడ్డవతల పారేసింది. బిందెలో మిగిలిన నీళ్ళతో పిల్ల చేతులూ, అత్త కాళ్ళూ కడిగింది. బాలరాజూ, కుర్రాళ్ళూ మంచం ఎత్తి రోడ్డు మీద పెట్టారు. మహిత మంచంకోడు పట్టుకుని నిలబడింది. డ్రమ్ములు తీయించమని అడగడానికి అరుణమ్మ పటేల్ వైపు నడిచేలోగా మలుపు దగ్గర గంట మోగింది.

ఫైరింజను వచ్చింది. ఆఫీసరు దిగి గుట్టను చూశాడు, లైనును చూశాడు. ఆయన మొహం మసిబారి ఉంది. అవతలి వైపు మంటకే ట్యాంకు ఖాళీ అయిందనీ, ఇంకో బండి పటాన్‌చెరు నుంచి రావాలనీ, అది వచ్చేదాకా రేకులూ గోడలూ తడపాలనీ చెప్పాడు. వరసగా ఉన్న డ్రమ్ములు చూసి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "ఇవన్నీ నీళ్ళేనా?" అని అడిగాడు.

"నీళ్ళే సార్" అన్నాడు పటేల్. "గీడ మేం సూస్కుంటం. మీరు కంపెనీ దిక్కు పోండ్రి, ఆడ అవసరముంది."

"ఇళ్ళు వదిలేసి ఎట్లా పోతామండీ" అని ఆఫీసరు తన మనుషుల్ని బకెట్లు తెమ్మన్నాడు.

బాలరాజ్ నేలచూపులు చూశాడు. పటేల్ అరుణమ్మ వైపు చూశాడు. ఆ చూపులో మల్లేష్ నౌకరీ ఉంది, గది తాళం ఉంది, రేపటి నుంచి వాళ్ళు ఎక్కడ ఉండాలన్నది ఉంది. ఆమెకు అన్నీ అర్థమయ్యాయి. గుట్ట మీది ఎర్రగీత దిగువ పొదలను అందుకుని చిటపటమంటోంది. బకెట్టు పట్టుకున్న మనిషి మొదటి డ్రమ్ము దగ్గరికి వస్తున్నాడు.

అరుణమ్మ అతనికి అడ్డం వెళ్ళింది. గుమ్మంలో పడి ఉన్న చెంబు తీసుకుంది. మూత జారిన డ్రమ్ములో ముంచింది. అందరూ చూస్తుండగా నడిచి వెళ్ళి, రెండు చేతులతో, ఇంటికొచ్చిన పెద్దమనిషికి ఇచ్చినట్టే పటేల్ ముందుకు చాపింది.

"ఇందాక ఇస్తె తాగలే. నీళ్ళేనంటిరి గద, జెర తాగుండ్రి పటేలా."

పటేల్ చెయ్యి లేవలేదు. ఆయన కళ్ళు చెంబు మీదా, చెంబు దాటి గుట్ట మీదా తిరిగి, మళ్ళీ చెంబు మీదికే వచ్చాయి. ఒక అడుగు వెనక్కి వేశాడు. బకెట్టు పట్టుకున్న మనిషి ఆగిపోయాడు. ఆఫీసరు దగ్గరికి వచ్చి చెంబు మీదికి వంగాడు, చటుక్కున తల వెనక్కి లాక్కున్నాడు. గాలిలో ఎగిరొస్తున్న బూడిదలో ఇప్పుడు అక్కడక్కడా ఎర్రటి కొసలు కనబడుతున్నాయి.

అరుణమ్మ కదలలేదు. చెంబులో రవ్వ పడకుండా ఒక అరచెయ్యి దాని మీద మూతపెట్టి, రెండో చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడింది.