రాయించిన వయసు

సన్యాసయ్య ఒక్కొక్కరి అరచెయ్యీ నొక్కి చూస్తున్నాడు. రాయగడ దగ్గరి కాగితం మిల్లు గేటు ముందు, పొద్దున్న ఆరింటికి, ఇరవయ్యేళ్లుగా ఆయన పని అదే. వెదురు యార్డుకి కూలీలను ఎంచే మేస్త్రీ. బొటనవేలి కింద కండ నొక్కుతాడు, ఏ ఊరో, ఎవరి తాలూకో అడుగుతాడు, మస్టరులో పేరు రాయిస్తాడు. అంతే, ఉద్యోగం. మనిషి పొట్టి. ఎడమ భుజం కుంగిపోయింది, తనూ ఒకప్పుడు మోపులు మోసినవాడే.

ఇవాళ మాత్రం ఆ నొక్కుడుతో ఎవరికీ పనిలేదు, ఆయనకు చెయ్యి ఊరుకోక చేస్తున్నాడంతే. రెండువేల నాలుగు సంవత్సరం. ఎంపిక పనంతా కంపెనీ విశాఖపట్నం ఏజెన్సీకి ఒప్పజెప్పింది. గేటు పక్క గదిలో ఝాన్సీలక్ష్మి అనే అమ్మాయి కంప్యూటరు పెట్టుక్కూర్చుంది. పాతవాళ్లూ మళ్లీ దరఖాస్తు పెట్టాలి, ముప్పై ఐదేళ్లు దాటకూడదు.

లక్ష్మణుడి వంతు వచ్చింది. సన్యాసయ్య అక్క కొడుకు. యార్డులో వాడంత మోపు ఎత్తేవాడు లేడు.

"మస్టరులో నలభై ఉంది. కుదరదు," అంది ఝాన్సీలక్ష్మి.

వాడి వెంట గదిలోకి వచ్చిన సన్యాసయ్య బల్ల దగ్గరికి జరిగాడు. వాడికి నిజానికి ముప్పై ఒకటి. బావ చనిపోయిన ఏడు, పదహారేళ్ల పిల్లాణ్ణి పనిలో పెట్టడానికి, ఇరవై ఐదని తనే రాయించాడు. పద్దెనిమిది అంటే ఎవరైనా అనుమానిస్తారని ధారాళంగా కలిపాడు. అప్పట్లో వయసంటే మేస్త్రీ నోటిమాట. తన తెలివికి తెగ మురిసిపోయాడు కూడా.

"నానే రాయించేనమ్మా. ఆడికప్పుడు పదారే. తప్పు నాది, కాయితం మీద రాసిస్తాను. నన్ను తీసీండి, ఆణ్ణుంచండి."

అమ్మాయి మంచిదే. కుర్చీ చూపించింది. "బడి సర్టిఫికెట్ ఏదైనా ఉందా అంకుల్?"

"ఆడు బడికెళ్లుంటే నానీ అబద్దం ఎందుకాడతానమ్మా?"

ఆమె తెరకేసి చూసి, తల అడ్డంగా ఊపింది.

ఆ సాయంత్రమే లక్ష్మణుడు మద్రాసులో మేడలు కట్టే పనికని బండెక్కాడు. తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

"నువ్వలగ రాయించబట్టే గదా మావా, అమ్మా నానూ గెంజి తాగేం. ఊరుకో."

సన్యాసయ్య ఊరుకోలేదు. ప్లాట్‌ఫారం మీద, నలుగురూ చూస్తుండగా, సిగ్గు విడిచి ఏడ్చాడు. బతికించాననుకున్న చేత్తోనే వాడి కూడు తీసేశాడు. ఈ ముక్క అక్కకెలా చెప్పాలో తెలియలేదు.

బండి వెళ్లిపోయాక ఇంటికి కాళ్లు రాక యార్డుకే నడిచాడు. పాకలో మేకుకి, లక్ష్మణుడు మోపు కింద వేసుకునే భుజం మెత్త వేలాడుతోంది: మధ్యలో పదహారేళ్ల పిల్లాడి భుజానికి సరిపోయేంత గోనెముక్క, దాని చుట్టూ అక్క ఏటేటా అతుకుతూ వచ్చిన చీరపేలికలు.